సగం మూసిన కళ్లు



ఇవాళ మీతో ఫొటోల గురించి మాట్లాడాలి. రేడియోలో ఫొటో చూపించడం కుదరదు. అందుకని ఒక పని చేద్దాం. వీలైతే ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి. ఒక ఫొటో గురించి చెబుతాను. అది మీకు కనబడేదాకా చెబుతాను.

ఒక పెద్ద చింతచెట్టు. ఇద్దరు మనుషులు చేతులు కలిపినా అందనంత లావు మొదలు. నేలకు రెండు నిలువుల ఎత్తులో, ఎప్పుడో కొమ్మ విరిగిన చోట ఒక తొర్ర. ఆ తొర్ర అంచున, పొద్దుటి ఎండలో, ఒక చిన్న పిట్ట. పిడికిలి కన్నా కాస్త పెద్దది. బూడిద కలిసిన మట్టిరంగు ఒళ్లు. ఆ ఒంటి మీద తెల్లని చుక్కలు, ఎవరో బియ్యప్పిండి చిలకరించినట్టు. ఈకలన్నీ ఉబ్బించుకుని బంతిలా కూర్చుంది. ఒక కాలు పొట్ట ఈకల్లోకి ముడుచుకుంది. కళ్లు సగం మూసి ఉన్నాయి. ఆ సందులోంచి సన్నగా ఒక పసుపు గీత. అంతే. అదే ఫొటో.

కనబడిందా? అది చిన్న గుడ్లగూబ. మా పెద్దవాళ్లు పైడికంటి అంటారు. పైడి అంటే బంగారం. బంగారు కళ్ల పిట్ట అన్నమాట. పేరు పెట్టినవాళ్లు ఎవరోగానీ, దాన్ని దగ్గరగా చూసే పెట్టారు.

ఈ ఫొటో మా ఇంట్లో గోడకి ఉంది. వచ్చినవాళ్లు చాలామంది దాని ముందు నిలబడి ఒకటే మాట అంటారు. "బాగుందండీ. కళ్లు పూర్తిగా తెరిచి ఉంటే ఇంకా బాగుండేది." వాళ్లకు నేను చెప్పే జవాబే ఇవాళ్టి నా ప్రసంగం.

మాది సంగం. నెల్లూరు నుంచి ఆత్మకూరు వెళ్లే దారిలో, పెన్న ఒడ్డున ఉంటుంది. పెన్నలో బీరాపేరు వచ్చి కలుస్తుంది కాబట్టి సంగం. సంగమేశ్వరుడి గుడి ఉంది. 1880ల్లో కట్టిన పాత ఆనకట్ట ఉంది. దాని పక్కన 2022 సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త బ్యారేజీ ఉంది. ఇక్కణ్ణుంచి కాలవలు బయల్దేరి కనిగిరి రిజర్వాయరుకి, అక్కణ్ణుంచి బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల మాగాణికి నీళ్లు ఇస్తాయి. నీళ్లు ఉన్నచోట వరి ఉంటుంది. వరి ఉన్నచోట ఎలుక ఉంటుంది. ఎలుక ఉన్నచోట గద్ద ఉంటుంది, గుడ్లగూబ ఉంటుంది. పగటి కాపలా గద్దది, రాత్రి కాపలా గుడ్లగూబది. ఇద్దరూ జీతం అడగని కాపలాదార్లు.

మన జిల్లా వాళ్లు పక్షులనగానే నేలపట్టు గూడబాతుల గురించి చెబుతారు. పులికాట్ రాజహంసల గురించి చెబుతారు. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగకి పిల్లల్ని తీసుకుని వెళతారు. మంచిదే. వెళ్లాలి. కానీ మన ఇంటి ముందు కరెంటు తీగ మీద కూర్చున్న గద్దను, మన పశువుల కొట్టం పక్కన తొర్రలో ఉన్న గుడ్లగూబను ఎవరు చూస్తున్నారు? నా కెమెరా పదిహేనేళ్లుగా వాటివైపే తిరిగి ఉంది.

ముందు గద్దల సంగతి చెబుతాను. పగటి వేట పక్షులు కాబట్టి వాటితో మొదలుపెట్టడం సులువు.

వరి పొట్ట మీద ఉన్నప్పుడు కాలవ గట్టు మీద వెళ్లేవాళ్లు ఒక పక్షిని చూసే ఉంటారు. కాకి కన్నా చిన్నది. తెలుపు, లేత బూడిద రంగు. భుజాల మీద నల్లని మచ్చ. కళ్లు మాత్రం ఎర్రగా, పండిన రేగుపండులా ఉంటాయి. తీగ మీద కూర్చుని తోక పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి లేచి, చేను మీద గాలిలో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడుతుంది. దాని తెలుగు పేరు ఎంత అందంగా ఉంటుందో వినండి. అడవి రామదాసు. రామదాసు అంటే నీళ్ల మీద ఎగిరే ఒక తెల్లని పిట్ట. నీళ్లు వదిలి పొలాల మీద తిరిగే రామదాసు కాబట్టి ఇది అడవి రామదాసు.

ఈ పేరు నాకు మా ఊళ్లో దొరకలేదు. ఒక పాత ఇంగ్లీషు పుస్తకంలో దొరికింది. టి.సి. జెర్డన్ అని ఒక డాక్టరు. 1840ల్లో మన నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. వైద్యం చేస్తూనే పక్షుల్ని, పాముల్ని, చీమల్ని కూడా వదలకుండా పరిశీలించాడు. మన యానాదుల దగ్గర కూర్చుని వాళ్లకు తెలిసింది అడిగి తెలుసుకున్నాడు. తర్వాత 1862లో మొదలుపెట్టి 'ద బర్డ్స్ ఆఫ్ ఇండియా' అనే పుస్తకం అచ్చువేశాడు. అందులో తెలుగు పేరు దొరికిన ప్రతి పక్షికీ ఆ పేరు కూడా రాసిపెట్టాడు. మన తాతలు పెట్టిన పేర్లు మనం మరిచిపోతే, ఆ పుస్తకం దాచిపెట్టింది.

అక్కడ ఇంకో పేరు ఉంది. కొరమీను గద్ద. ఈ పేరు మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

ఒక్క మాట. జెర్డన్ కాలంలో పక్షిని దగ్గరగా చూడాలంటే తుపాకీతో కొట్టాల్సిందే. కొట్టి, చేతిలోకి తీసుకుని, రెక్కలు కొలిచి, బొమ్మ గీయించేవారు. అప్పటికి వేరే దారి లేదు. అంతకు ముందు రాజుల కాలంలో డేగల్ని పట్టి, మచ్చిక చేసి, వేటకు వాడేవారు. సాళువ అంటే వేట డేగే. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయల పేరులో ఉన్నది ఆ డేగ పేరే. ఒకరు పట్టారు, ఒకరు కొట్టారు. మన చేతికి కెమెరా వచ్చింది. పట్టకుండా, కొట్టకుండా దగ్గరగా చూసే అదృష్టం మన తరానికి దక్కింది. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

సరే, ఫొటో ఎలా తియ్యాలి?

మొదటి సంగతి. గద్దకి నడిచే మనిషంటే భయం. ఆగిన బండి అంటే అంత భయం లేదు. మోటారు సైకిలు మీద వెళుతూ తీగ కింద ఆపండి. దిగకండి. ఆ పక్షి మిమ్మల్ని ఒకసారి చూస్తుంది. మళ్లీ చేనువైపు తిరుగుతుంది. అదే మీరు దిగి, రెండడుగులు దాని వైపు వేశారా, లేచిపోతుంది. మన పెద్దలు మాటు వెయ్యడం అన్నారే, అదీ సంగతి. ఆకులూ కొమ్మలూ కప్పుకోనక్కర్లేదు. కదలకుండా ఉంటే బండే మాటు.

రెండో సంగతి, గాలి. గద్ద ఎప్పుడూ గాలికి ఎదురుగా లేస్తుంది. విమానం లాగే. కాబట్టి గాలి మీ వీపుకి తగిలేలా నిలబడితే, లేచిన పక్షి మీ వైపే వస్తుంది. గాలి మీ ముఖానికి కొడుతుంటే, మీకు దక్కేది దాని తోక. నేను మొదటి రెండేళ్లు తోకలే తీశాను. పక్షుల మీద కోపం తెచ్చుకునేవాణ్ణి. తప్పు వాటిది కాదు, నేను గాలిని పట్టించుకోలేదు.

ఇంకోటి కూడా చెబుతాను, చెప్పకూడని మాటేమీ కాదు. గద్ద లేచే ముందు చాలాసార్లు కాస్త ముందుకు వంగి, తెల్లగా రెట్ట వేస్తుంది. బరువు దించుకుని ఎగురుతుంది. అది చూడగానే వేలు బటన్ మీద సిద్ధంగా ఉండాలి. సెకనులో 2000వ వంతు వేగంతో షట్టరు పడాలి. అప్పుడుగానీ రెక్క చివరి ఈక స్పష్టంగా రాదు.

ఇప్పుడు కొరమీను గద్ద. చలికాలంలో ఉత్తరాన దూరదేశాల నుంచి వస్తుంది. మన నదుల మీద, చెరువుల మీద, పులికాట్ మీద తిరుగుతుంది. దీని తిండి చేపలే. చేప తప్ప దాదాపు ఇంకేమీ ముట్టదు. ఇంగ్లీషులో ఆస్ప్రే అంటారు. నాకు కొరమీను గద్ద అనే పేరే ఇష్టం.

బ్యారేజీ పైన నీళ్లు నిలిచిన చోట, ఒక ఎండిన మొద్దు మీద అది కూర్చునేది. ఒక డిసెంబరులో పదకొండు రోజులు వరసగా తెల్లవారుజామున వెళ్లాను. భుజం మీద 600 మిల్లీమీటర్ల లెన్సు. బరువు రెండు కిలోలు. మంచు. వేళ్లు కొంకర్లు పోయేవి. అది లేచేది, నీళ్ల మీద ఎత్తున తిరిగేది, గాలిలో ఆగేది, కాళ్లు కిందికి జారవిడిచేది, రాయిలా పడేది. నేను నొక్కేవాణ్ణి. ఇంటికొచ్చి చూస్తే ఫొటోలో నీళ్ల తుంపర తప్ప పక్షి ఉండేది కాదు. పది రోజులు నీళ్ల తుంపరే.

పదకొండో రోజు అది పడే చోటు మీద నేను ఆశ వదిలేశాను. లేచే చోటు కోసం ఆగాను. నీళ్లలోంచి అది పైకి వచ్చింది. కాళ్లలో జానెడు చేప. ఇక్కడ జాగ్రత్తగా వినండి. అది చేపను అడ్డంగా పట్టుకోలేదు. గాల్లోనే సర్దుకుని, చేప తలను ముందుకు తిప్పి, ఒక కాలు ముందు ఒక కాలు వెనక పెట్టి పట్టుకుంది. గాలి కోసుకుని పోవాలంటే అలాగే పట్టాలి. దాని కాలివేళ్లలో బయటి వేలు వెనక్కి కూడా తిరుగుతుంది. అరికాళ్లు గరుకుగా, ముళ్లలా ఉంటాయి. తడి చేప జారదు. చేపను పట్టుకుని పైకి లేచి, ఎగురుతూ ఎగురుతూనే ఒక్కసారి ఒళ్లంతా దులుపుకుంది. తలంటు పోసుకున్న పసిపిల్ల తల విదిలించినట్టు. నీటిచుక్కలన్నీ దాని చుట్టూ గుండ్రంగా లేచాయి. వెనకనుంచి ఎండ. ఆ ఒక్క క్షణం దొరికింది. పదకొండు రోజులకి ఒక్కటి.

ఆ పదకొండు రోజుల్లో ఒక్క రోజు కూడా అది నన్ను చూసి వేట మానుకోలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అది నన్ను చూసి వేట మానుకోలేదు. ఫొటో కన్నా నాకు అదే ఎక్కువ సంతోషం.

ఎందుకు అంత సంతోషమో తెలియాలంటే, అంతకు చాలా ఏళ్ల ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

మా ఊరికి కొంచెం దూరంలో మూతపడిన రైసు మిల్లు ఒకటి ఉంది. రేకులు ఊడిపోయి, గోడలు నిలిచి ఉన్నాయి. అందులో తెల్ల గుడ్లగూబ ఉందని విన్నాను. మావైపు కొందరు దాన్ని చావుపిట్ట అంటారు. ఆ పేరు దానికి తగదు. ముఖం చూడాలి మీరు. తెల్లగా, తమలపాకు ఆకారంలో ఉంటుంది. కళ్లు పైడికంటికి లాగా పసుపు కావు. నల్లగా, నిండుగా ఉంటాయి.

అప్పటికి నాకు కెమెరా కొత్త. ఆత్రం ఎక్కువ. మిట్టమధ్యాహ్నం వెళ్లాను. లోపల చీకటి. టార్చి లైటు పట్టుకుని వెళ్లి దూలం మీదికి వేశాను. ఉంది. సన్నగా, నిటారుగా, కర్రలా నిలబడి ఉంది. కళ్లు ఇంతింత చేసుకుని నన్నే చూస్తోంది. ఎంత సంతోషించానో! నా వైపే చూస్తోంది, కళ్లు పెద్దవి చేసి చూస్తోంది అనుకున్నాను. ఫ్లాష్ వేసి తీశాను. ఇంకో అడుగు ముందుకేసి మళ్లీ తీశాను. మూడో ఫ్లాష్‌కి అది లేచింది. కూలిన గోడ సందులోంచి బయటికి, ఎండలోకి వెళ్లిపోయింది.

బయట కాకులు ఉన్నాయి.

పగలు గుడ్లగూబ కనబడితే కాకులు ఊరుకోవు. ఒకటి అరిచింది. పది వచ్చాయి. ఇరవై అయ్యాయి. ముక్కులతో పొడుస్తూ తరుముతుంటే, అది చేల మీదుగా పోయి, కాలవ గట్టు దగ్గర సర్కారు తుమ్మ కంపలో పడింది. నేను పరిగెత్తుకుంటూ వెళ్లాను. అక్కడ చేలో ఒక యానాది తాత ఎలకల బొరియలు తవ్వుతున్నాడు. నాకంటే ముందు ఆయనే చేరాడు. తలగుడ్డ విప్పి, దాని మీద కప్పి, గువ్వపిట్టను పట్టుకున్నట్టు రెండు చేతుల్తో తీశాడు. రెక్క కింద రక్తం. పక్కనున్న బుట్టలో పెట్టి గుడ్డ కప్పేశాడు. కాకుల్ని అదిలించాడు.

నేను ఆయనకి కెమెరాలో ఫొటో చూపించాను. ఎందుకు చూపించానో ఇప్పటికీ తెలియదు. బహుశా నేను చెడు చెయ్యడానికి వెళ్లలేదని చెప్పుకోవాలనిపించి ఉంటుంది. "చూడు తాతా, కళ్లు ఎంత పెద్దవి చేసి చూసిందో" అన్నాను.

ఆయన చూశాడు. చూసి అన్నాడు. "అబ్బయ్యా, అది నిన్ను చూసి మురిసి కళ్లు తెరవలేదు. బెదిరి తెరిచింది. పొద్దుగూకిందాకా దాన్ని ఇంక కదిలించబాక."

సాయంత్రం దాకా ఇద్దరం ఆ బుట్ట దగ్గరే కూర్చున్నాం. ఆయన ఎలకల గురించి చెప్పాడు. ఏ బొరియకి ఎన్ని దారులుంటాయో, కంకుల్ని ఎలా లోపలికి లాక్కుపోతాయో చెప్పాడు. "నేను పగలు పడతా. ఇది రాత్రి పడతాది. ఇద్దరం ఒకే చేలో కూలోళ్లం" అన్నాడు. చీకటి పడ్డాక బుట్ట మూత తీశాడు. అది కాసేపు కదల్లేదు. తర్వాత అంచు మీదికి ఎక్కింది. ఎగిరింది. మిల్లు వైపే వెళ్లింది. బతికిందో లేదో ఆ రాత్రి నాకు తెలియదు. నిద్ర పట్టలేదు.

ఆ ఫొటోలన్నీ తీసేశాను. మూడింటినీ. వాటిలో ఒకటి నిజంగా బాగా వచ్చింది. అయినా తీసేశాను.

ఇప్పుడు ఆ తాత మాట మళ్లీ చెబుతాను. ఇవాళ మీకు ఒక్క విషయమే గుర్తుండాలంటే ఇదే గుర్తుండాలి. పగటిపూట గుడ్లగూబ కళ్లు సగం మూసుకుని, ఈకలు వదులు చేసుకుని, గుండ్రంగా కూర్చుని ఉంటే అది నిమ్మళంగా ఉందని అర్థం. ఒళ్లు బిగించి, సన్నగా, నిటారుగా సాగి, కళ్లు విప్పార్చుకుని చూస్తుంటే అది భయపడుతోందని అర్థం. పైడికంటి అయితే భయపడినప్పుడు తల పైకీ కిందికీ ఊపుతుంది. మనకి అది ఆటలా కనబడుతుంది. అది ఆట కాదు. మీరెంత దూరంలో ఉన్నారో, ఎంత ప్రమాదమో కొలుచుకుంటోంది. అది తల ఊపడం మొదలుపెట్టిందంటే మీరు అప్పటికే ఒక అడుగు ఎక్కువ వేశారు. వెనక్కి రండి.

క్యాలెండర్ల మీద, ఫోన్లలో వచ్చే గుడ్లగూబ ఫొటోలు ఈసారి చూసినప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి. పట్టపగలు, కళ్లు ఇంతింత. మనకి అందంగా కనబడుతుంది. వాటిలో ఎన్నింటికి ఇవతల ఎవరో ఒకరు, ఆనాటి నాలాగా, ఒక అడుగు ఎక్కువ వేసి ఉన్నారో!

గుడ్లగూబ కంటికి చీకటే పగలు. కొద్దిపాటి వెలుగుని కూడా ఒడిసిపట్టేలా తయారైన కన్ను అది. ఆ కన్ను దాని గుంటలో అటూ ఇటూ తిరగదు. అందుకే తల మొత్తం తిప్పుతుంది. చుట్టూ ముప్పావు వంతు దాకా తిప్పగలదు. అలాంటి కంట్లోకి దగ్గరనుంచి ఫ్లాష్ కొడితే ఎలా ఉంటుంది? రాత్రి రోడ్డు మీద ఎదురుగా లారీ హెడ్‌లైటు పడినప్పుడు మనకేమవుతుందో అనుకోండి. కాసేపు ఏమీ కనబడదు. మనం బండి ఆపుకుంటాం. ఆ పిట్ట గాల్లో ఉంటే ఎక్కడ ఆపుకుంటుంది?

ఫొటో తీసేవాడికి గుడ్లగూబ నేర్పిన పాఠం ప్రపంచంలో ఇంకొకటి ఉంది. ఎరిక్ హాస్కింగ్ అని ఇంగ్లండులో పేరున్న పక్షుల ఫొటోగ్రాఫరు. 1937లో వేల్స్‌లో ఒక గుడ్లగూబ గూటి దగ్గర రాత్రి ఫొటోకి వెళ్లాడు. అది పిల్లల తల్లి. చీకట్లో చప్పుడు లేకుండా వచ్చి ముఖం మీద తన్నింది. ఆయన ఎడమ కన్ను పోయింది. ఆయన ఆ పక్షి మీద కక్ష పెట్టుకోలేదు. తర్వాత కూడా జీవితమంతా పక్షుల ఫొటోలే తీశాడు, గుడ్లగూబల ఫొటోలతో సహా. తన ఆత్మకథకి 'యాన్ ఐ ఫర్ ఎ బర్డ్' అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ దేశంలో తెల్ల గుడ్లగూబ గూటి దగ్గరికి వెళ్లి దాన్ని ఇబ్బంది పెట్టడం నేరం. ఫొటోకైనా సరే లైసెన్సు తీసుకోవాలి. మనకి కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. గుడ్లగూబని పట్టినా, అమ్మినా, చంపినా నేరమే.

చట్టం ఉన్నా పట్టేవాళ్లు ఉన్నారు. దీపావళికి ముందు క్షుద్రపూజల పేరుతో గుడ్లగూబల్ని కొనేవాళ్లు దేశంలో ఉన్నారు. ట్రాఫిక్ అనే సంస్థ 2010లో దీని మీద ఒక నివేదికే వేసింది. లక్ష్మీదేవి వాహనం అని పూజించే దేశంలో, లక్ష్మి రావాలని ఆ వాహనాన్నే చంపడం ఏమిటో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

మన దగ్గర భయం ఇంకో రకం. గుడ్లగూబ ఇంట్లో దూరితే ఆ ఇల్లు ఆరునెలలు పాడుపెట్టాలంటారు. మా వీధిలోనే ఒక కుటుంబం, కొత్తగా కట్టుకున్న ఇల్లు వదిలి బాడుగ ఇంట్లో ఉంది. ఆ ఇంటావిడ నాకు వదిన వరస. నేను ఆమెతో వాదించలేదు. కెమెరా తీసుకెళ్లి, వెనకవైపున్న చిన్న తెరమీద మరో ఫొటోలోని తెల్ల గుడ్లగూబ ముఖం చూపించాను. చాలాసేపు చూసింది. "ఇదా మా ఇంట్లోకి వచ్చింది? పసిబిడ్డ మొహంలా ఉందే" అంది. ఆరునెలలు కాకముందే ఇంటికి తిరిగొచ్చారని చెప్పను. రాలేదు. కానీ తర్వాత ఇంటి వెనక కొబ్బరిచెట్టు మీద గుడ్లగూబ వాలినప్పుడు, రాళ్లు వేస్తున్న పిల్లల్ని కేకలేసింది ఆవిడే.

ఇక్కడ రైతు సోదరులతో ఒక మాట. ఎలుకల మందు గురించి. బ్రోమోడయోలోన్ కలిపిన నూకలు గట్ల మీద పెడుతుంటారు. ఎలుక తిన్న వెంటనే చావదు. మూడు నాలుగు రోజులు మత్తుగా, నెమ్మదిగా తిరుగుతుంది. అలా తిరిగే ఎలుకను పట్టుకోవడం గుడ్లగూబకి చాలా తేలిక. మందు ఎలుకలోంచి దాని ఒంట్లోకి పోయి పేరుకుంటుంది. ఎలుకను చంపడానికి పెట్టిన మందు, ఎలుకను చంపే పిట్టనే చంపుతుంది. మందు పెట్టక తప్పదంటే చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పూడ్చండి. దాంతోపాటు చేలో నాలుగైదు చోట్ల టీ ఆకారంలో కర్రలు పాతండి. వ్యవసాయ శాఖ వాళ్లు పక్షి స్థావరాలు అని చెప్పేవి అవే. పగలు అడవి రామదాసు కూర్చుంటుంది, రాత్రి పైడికంటి కూర్చుంటుంది. నేను తీసిన మంచి ఫొటోలలో సగం అలాంటి కర్రల మీదివే.

కొత్తగా కెమెరా కొన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వింటుంటే, గూటి సంగతి కూడా చెప్పి ముగిస్తాను. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి పైడికంటి తొర్రలో పిల్లల్ని పెడుతుంది. అప్పుడు తొర్ర దగ్గరికి పోకండి. అడ్డంగా ఉందని కొమ్మ నరకకండి. ఫోనులో దాని కూత వినిపించి బయటికి రప్పించకండి. ఆ కూత విని, తన చోటులోకి ఎవరో చొరబడ్డారని, పిల్లల్ని వదిలి వస్తుంది. ఫొటో ఎక్కడైనా పెడితే చెట్టు గుర్తులు చెప్పకండి. ఒకరు వస్తే ఫరవాలేదు, ఆదివారం ఇరవై మంది వస్తే ఆ తొర్ర ఖాళీ అవుతుంది. మొదట్లో నేను చెప్పిన చింతచెట్టు ఉంది చూశారూ, అది సంగం చుట్టుపక్కలే ఉంది. ఏ గట్టు మీద ఉందో మాత్రం మీక్కూడా చెప్పను. కోపం తెచ్చుకోకండి. దాని దగ్గరికి నేను కూడా నాలుగు నెలలు పోయాను, మొదటి ఫొటో తీయడానికి ముందు. రోజూ అదే దారిలో, అదే వేళకి, అదే పాత బండి మీద. మొదట నన్ను చూసి తొర్రలోకి దూరేది. తర్వాత కళ్లు విప్పార్చి చూసేది. తర్వాత తల ఊపడం మానేసింది. ఒకరోజు నేను బండి ఆపినప్పుడు అది నన్ను చూసి, కళ్లు సగం మూసుకుంది. అప్పుడు తీశాను.

మిల్లు సంగతి పూర్తిగా చెప్పలేదు కదూ.

ఆ తర్వాత ఏడాది దాకా ఆ వైపు పోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఒక సాయంత్రం ఆ తాతే కాలవ దగ్గర కనబడి, "రాకూడదా ఒకసారి" అన్నాడు. ఇద్దరం మిల్లుకి దూరంగా, గట్టు మీద కూర్చున్నాం. టార్చి లేదు. ఫ్లాష్ లేదు. కెమెరా సంచిలోనే ఉంది. పొద్దుగూకింది. కొంగలు గూళ్లకి పోయాయి. వెలుగు పూర్తిగా పోతున్న వేళకి కూలిన గోడ మీద తెల్లగా ఏదో కదిలింది. అదేనో, దాని జతో, దాని పిల్లో తెలియదు. రెక్కలు విప్పి మా తలల మీదుగా, చాలా కిందుగా వచ్చింది. తెల్ల గుడ్లగూబ రెక్క ఈకల అంచుకి కుచ్చులా మెత్తటి పోగులుంటాయి. అవి గాలి చప్పుడుని మింగేస్తాయి. అమెరికాలో రోజర్ పేన్ అనే ఆయన ఉండేవాడు. తర్వాత తిమింగలాల పాటలతో పేరు తెచ్చుకున్నాడు. ఆయన ఒక చీకటి గదిలో పరీక్ష చేసి చూశాడు. బొత్తిగా వెలుగు లేకపోయినా ఈ పిట్ట చెవులతోనే ఎలుకను పట్టగలదని తేల్చాడు. పుస్తకంలో ఇదంతా చదివాను. కానీ ఆ సాయంత్రం అది నా తలమీద రెండు బారల ఎత్తులో వెళుతుంటే నాకు తెలిసిందల్లా ముఖానికి తగిలిన కొంచెం గాలి.

తాత మెల్లగా నా చెయ్యి తట్టి, చేనువైపు వేలు చూపించాడు. అది అప్పటికే గట్టు దాటి, కంకుల మీదుగా వంగి వంగి పోతోంది. మొదటి మడి, రెండో మడి. తర్వాత చీకట్లో కలిసిపోయింది.